యశోద గీసిన పాట

పిల్లలకు పాటను కాగితం మీద పెట్టడం నేర్పాలనుకునేవాళ్ళు, ముందు పిల్లలు పెట్టింది చదవడం నేర్చుకోవాలి. నాకు ఈ సంగతి తెలిసిరావడానికి ఐదేళ్ళు పట్టింది. ఆ ఐదో ఏడు ఒక పిల్ల నా మూలంగా దెబ్బలు తింది.

నాంపల్లిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఇరవై ఏళ్ళకు పైగా సంగీతం టీచరుగా పనిచేశాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, సర్వీసు పుస్తకంలో ఏం రాశారు అన్నవి మీకు అక్కర్లేదు, నాకూ సరిగ్గా గుర్తులేవు. నేను మానేశాక ఆ ఉద్యోగంలో చేరిన ఇద్దరు అమ్మాయిలు ఇంటికి వచ్చి, "చిన్న తరగతులకు సంగీతం ఎలా చెప్పాలి టీచర్?" అని అడిగారు. నోటితో చెబుతుంటే ఒకటి చెప్పి రెండు మరిచిపోతున్నాను. అందుకని రాస్తున్నాను.

నల్లబల్ల మీద సరిగమలు

మాది కాకినాడ. చిన్నప్పుడు పదేళ్ళు వీణ నేర్చుకున్నాను. రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు మా వారి ఆఫీసు కర్నూలు నుంచి హైదరాబాదుకు వచ్చేసింది. స్టేషను వెనక సందులో రెండు గదుల వాటా కిరాయికి తీసుకున్నాం. బడి అక్కడికి రెండు సందుల అవతల. పాతకాలపు మండువా ఇల్లు అది. సంగీతానికి వెనకవైపు రేకుల గది ఇచ్చారు. రైలు కూత పెట్టినప్పుడల్లా పాట ఆపి, అది పోయాక మళ్ళీ ఎత్తుకోవాలి.

హెడ్‌మిస్ట్రెస్ పేరు రత్నాబాయి. పాత హైదరాబాదు కుటుంబం. ఉర్దూలో చదువుకుని, తెలుగు రాయడం తనంతట తాను నేర్చుకున్న మనిషి. నన్ను ఉద్యోగంలోకి తీసుకునే రోజు ఆమె అడిగింది ఒకే ప్రశ్న.

"పాడుడు వస్తదా, పాడిపిచ్చుడు వస్తదా?"

"రెండూ వచ్చండీ."

"రెండోది ఎవ్వరికి రాదమ్మా. రేపటి సంది రా, నేర్చుకుందువు."

నాకు కోపం వచ్చింది. ముప్పై నాలుగేళ్ళదాన్ని, పెళ్ళిళ్ళలో సభల్లో వీణ వాయించినదాన్ని. పాఠం ఎలా చెబుతారో చూపిద్దామని మొదటి నెలంతా సరళీ వరుసలు నల్లబల్ల మీద ముత్యాల్లా రాశాను. పిల్లలు నోటు పుస్తకాల్లో అంతకంటే ముత్యాల్లా దింపుకున్నారు. నెలాఖరున రత్నాబాయి గారు వచ్చి, ముందు వరుసలోని ఒక పిల్లవాడి పుస్తకం తెరిచి, "గిది పాడు బిడ్డా" అన్నారు. వాడు లేచి నిలబడి, "స, రి, గ, మ, ప" అని ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివాడు. ఒక్క స్వరం లేదు.

ఆమె నన్ను బయటికి పిలిచారు. "రైలు టైంటేబుల్ల స్టేషన్ల పేర్లు చదివినట్టు చదువుతున్నడు. గా ఊర్లకు వీడు ఎన్నడన్న పోయిండా?"

ఆ మాట ఆ రోజు గుచ్చుకుంది. ఇప్పుడు చెబుతున్నాను, నా ఉద్యోగంలో ఎవరైనా చెప్పిన పనికొచ్చే మాటల్లో అది మొదటిది. గుర్తు ముందు, నాదం తర్వాత అన్న పద్ధతి ఆరేడేళ్ళ పిల్లల దగ్గర పనిచెయ్యదు. ముందు ఆ ఊరికి వెళ్ళాలి. అక్కడ తాము చూసినదానికి వాళ్ళే ఒక పేరు పెట్టుకోవాలి. మనం పెట్టిన పేరు ఆ తర్వాత ఎప్పుడైనా చెప్పవచ్చు.

సన్న గీత, లావు గీత

మరుసటి వారం ఆబిడ్స్ దాకా నడిచి వెళ్ళి రెండు డజన్ల రాతి పలకలు కొనుక్కొచ్చాను. ఒకటో తరగతి వాళ్ళకు ఆవు, దూడ గురించి నేనే కట్టిన చిన్న పాట పాడి, "ఈ పాటను పలక మీద పెట్టండి" అన్నాను. ఎలా పెట్టాలో చెప్పలేదు. అందరూ ఆవు బొమ్మ వేశారు. ఒకడు దూడను కూడా వేశాడు.

వాళ్ళకు నా ప్రశ్న అర్థం కాలేదనుకున్నాను. నిజానికి అర్థం కానిది నాకే. ఐదేళ్ళ పిల్లకు పాట అంటే అందులో ఉన్న ఆవు. మాటల్ని తీసేసి, ఉత్త "లలలా" అని అదే వరుస పాడితే అప్పుడు పలకల మీద వేరే సంగతులు వచ్చాయి. కొందరు నేను పాడినంతసేపు బలపాన్ని గిరగిరా తిప్పారు. నేను ఊపిరి తీసుకున్న చోట బలపం ఆగింది. ఆ గజిబిజి గీతను దగ్గర పెట్టుకుని చూస్తే నేను ఎక్కడెక్కడ ఊపిరి తీసుకున్నానో చెప్పవచ్చు. అదే పై తరగతిలో చేయిస్తే వాళ్ళు తాళపు ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క చుక్క పెట్టారు. ఎవరూ నేర్పలేదు.

పై స్థాయి స్వరాన్ని పైన, కింది స్థాయిని కింద పెట్టాలని నేను పట్టుబట్టాను. అది లోకసహజమని నా నమ్మకం. రెండో తరగతిలో నర్సింలు అని ఒకడు ఉండేవాడు. స్టేషను దగ్గర సైకిళ్ళు బాగుచేసే ఆయన కొడుకు. దేన్నీ ఊరికే ఒప్పుకునేవాడు కాదు.

"పైకి అంటె గట్టిగనా టీచర్?" అని అడిగాడు.

"గట్టిగా కాదురా. పై స్వరం."

"గొంతు పెంచు అంటరు కద. పెంచితె గట్టిగనే అయితది."

గొంతు పెంచడమంటే మనం గట్టిగా మాట్లాడటమనే అంటాం. "మరి నువ్వెలా పెట్టావో చూపించు" అన్నాను. వాడి పలక మీద పై స్వరాలన్నీ సన్నటి గీతలు, కింది స్వరాలన్నీ బలపాన్ని అడ్డంగా పట్టి రుద్దిన లావు గీతలు.

"మీ గొంతు గీడ సన్నగ అయ్యింది, గాడ లావైంది. గంతే" అన్నాడు.

వాడు చెప్పింది నిజం. మనం సన్నని గొంతు అంటాం, బొంగురు గొంతు అంటాం. ఇంట్లో హార్మోనియం ఉన్న ఒక పిల్ల అయితే పై స్వరాలన్నిటినీ కుడివైపుకు నెట్టింది, మెట్లు అటే కదా పోతాయి. నేనూ, వాళ్ళిద్దరూ మూడు దారుల్లో ఒకే చోటికి వచ్చాం. ఆ రోజు నుంచి చిన్న తరగతుల్లో పైనా కిందా అనడం మానేశాను. సన్నం, లావు చాలు. పైన పెట్టాలి, కింద పెట్టాలి అన్నది పెద్దవాళ్ళ ఒప్పందం, నాలుగో తరగతిలో ఒక్క రోజులో వచ్చేస్తుంది.

ఇదే నర్సింలుకు నేను ఒకసారి అన్యాయంగా తప్పు వేశాను. ఒక చప్పట్ల వరుస కొట్టాను, తా, తా, తక తా. శారద అనే గుంటూరు వాళ్ళ అమ్మాయి రెండు పెద్ద సున్నలు, రెండు చిన్న సున్నలు, చివర మళ్ళీ ఒక పెద్ద సున్న పెట్టింది. కాలం ప్రకారం అది సరి, చివరి దెబ్బ పొడుగు. నర్సింలు రెండు పెద్దవి, తర్వాత పక్కపక్కనే మూడు చిన్నవి పెట్టాడు. తప్పు గుర్తు పెట్టాను.

"మూడు గలిసి వస్తయి టీచర్. గవి అన్నదమ్ములు. ఒక్కని ఇడగొడితె ఎట్ల?" అన్నాడు వాడు.

ఆ రెండు పలకలూ పక్క తరగతికి పంపి, చూసి కొట్టమన్నాను. శారద పలక చూసినవాళ్ళు కాలం తప్పకుండా కొట్టారు, గడియారం కొట్టినట్టు. నర్సింలు పలక చూసినవాళ్ళు చివరి దెబ్బను కొంచెం తొందరపెట్టారు గాని, నేను కొట్టినప్పుడు ఉన్న ఊపు వాళ్ళ చేతుల్లోనే ఉంది. ఒకరు కొలత వేశారు, ఇంకొకరు కలయికను గీశారు. సంగీతానికి రెండూ కావాలి. ఇలాంటి చోట ఎర్ర పెన్సిలుతో తప్పు పెట్టారంటే, మరుసటి రోజు నుంచి ఆ పిల్ల వినడం మానేసి మీకు నచ్చేది గీస్తుంది. నేను నర్సింలు తప్పు గుర్తును అందరి ముందూ చెరిపాను. వాడేమీ సంతోషించలేదు, "ముందే జెప్పిన" అన్నాడు.

ఇలా నాలుగేళ్ళు గడిచేసరికి, పిల్లల గీతలు చదవడంలో నన్ను మించినవాళ్ళు లేరన్న ధీమా వచ్చింది. ఆ ధీమాలో ఉండగానే యశోద వచ్చింది.

యశోద

రెండో తరగతిలో చేరినప్పుడు ఆమెకు ఏడేళ్ళు. తండ్రి మల్లయ్య బేగం బజారులో ఒక మసాలా దినుసుల టోకు దుకాణంలో గుమాస్తా. పిల్ల దగ్గరికి వస్తే ధనియాల వాసన వచ్చేది. మూడో వరుసలో గోడ పక్కన కూర్చుని, నేను గదిలో ఉన్నంతసేపు నా మీద నుంచి చూపు తిప్పేది కాదు. మాట తక్కువ. అంత శ్రద్ధ ఉన్న పిల్లను నేను అంతకు ముందు చూడలేదు.

అప్పటికి పలకలు పోయి కాగితాలు వచ్చాయి. మా వారి ఆఫీసులో ఒకవైపే అచ్చయి పనికిరాని ఫారాలు తెచ్చిపెట్టేవారు, వాటి వెనకవైపు పిల్లలు గీసేవారు. నేను ఆదితాళంలో పాట పాడుతూ, అలవాటు కొద్దీ తొడ మీద తాళం వేసుకునేదాన్ని. ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, మళ్ళీ దెబ్బ, అరచెయ్యి తిప్పడం, ఇంకోసారి దెబ్బ, తిప్పడం. పిల్లలకు తాళం గుర్తులు ఇంకా చెప్పలేదు.

యశోద కాగితం మీద దెబ్బకు నిలువు గీత ఉంది, వేళ్ళకు మూడు చుక్కలు ఉన్నాయి, తిప్పిన చోట వంకర గీత ఉంది. ఆవర్తనం తర్వాత ఆవర్తనం, ఎక్కడా తప్పలేదు. నేను రెండు క్షణాలు ఆగిన చోట కాగితం మీద కూడా అంత జాగా ఖాళీ.

నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ కాగితం పట్టుకుని రత్నాబాయి గారి గదికి వెళ్ళాను. వార్షికోత్సవానికి అట్ట మీద అంటించి హాల్లో పెట్టించాను. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఈ పిల్లది దేవుడిచ్చిన చెవి" అన్నారు. ఆ చెవిని ఏదో నేనే చేసిపెట్టినట్టు నవ్వాను.

అదే ఏడు యశోద తరగతి టీచరు నరహరి మాస్టారు ఆమె మీద ఫిర్యాదు చేశారు. డిక్టేషను చెబితే సగం మాటలు వదిలేస్తుంది. పేరు పెట్టి పిలిస్తే పలకదు. అందరూ లేచాక లేస్తుంది. అర్ధ సంవత్సరం పరీక్షల ముందు టీచర్లందరం కూర్చున్నప్పుడు ఆయన గట్టిగానే చెప్పారు.

"నెలనుంచి చూస్తున్న మేడం. ఈ పిల్లను వచ్చే ఏడు గిదే తరగతిల కూసోబెట్టాలె. లేకుంటె తండ్రిని పిలిచి తీస్కపొమ్మనాలె."

రత్నాబాయి గారు నా వైపు తిరిగారు. "పిల్లకు ఇనవడుతదా లేదా? నీకే తెల్వాలె, నువ్వు జెప్పు."

ఆమె సరైన ప్రశ్నే అడిగారు. అడగవలసిన మనిషినే అడిగారు.

"వినబడకపోవడమేవిటండీ? నా క్లాసులో అందరికంటే చక్కగా వినే పిల్ల ఆమె" అని, కాగితాలు బల్ల మీద పరిచాను.

నరహరి మాస్టారు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశారు. "అయితె చెవులు మంచిగనే ఉన్నయి. పొగరన్నట్టు" అన్నారు.

పిల్లను తీసేయకుండా కాపాడానని సంబరపడుతూ ఇంటికి వెళ్ళాను. మరుసటి వారం నుంచి ఆ తరగతిలో బెత్తం మొదలైంది. అంతకు ముందు ఆయన ఆమెను కొట్టలేదు, అనుమానం ఉండేది కనుక. ఆ అనుమానం నేను తీర్చేశాను. రత్నాబాయి గారి దగ్గరికి కూడా రెండుసార్లు పంపారు, ఆమె కూడా అరచేతి మీద కొట్టారు. నాకు తెలుసు. ఒకసారి యశోదను దగ్గర కూర్చోబెట్టుకుని, "మాస్టారు పిలిస్తే పలకాలమ్మా, నా మాట వింటావు కదా, అలాగే" అని బుద్ధి చెప్పాను కూడా. ఆ పిల్ల నా పెదాలనే చూస్తూ తల ఊపింది.

కట్టు కట్టిన చెయ్యి

మరుసటి వానాకాలానికి యశోద మూడో తరగతికి వచ్చింది, ఆ తరగతితో పాటే నరహరి మాస్టారు కూడా. అప్పుడు నేను మండువా మెట్ల మీద జారి పడ్డాను. కుడి మణికట్టు ఎముక చిట్లింది. కట్టు వేసి మెడకు వేలాడదీశారు. ఇంట్లో ఉంటే తోచక నాలుగో రోజే బడికి వచ్చాను. తాళం వెయ్యడానికి చెయ్యి లేదు, ఉత్త గొంతుతోనే పాడాను. పిల్లలు ఎప్పటిలాగే గీశారు.

యశోద కాగితం తెల్లగా ఉంది.

నా కట్టు చూసి దిగులు పడిందనుకున్నాను. మరునాడు కూడా తెల్లకాగితమే ఇచ్చింది. మూడో రోజు పాట మధ్యలో నాకు తెలియకుండానే ఎడమచేతి వేళ్ళు బల్ల మీద తాళం వెయ్యడం మొదలుపెట్టాయి. యశోద గబుక్కున వంగి గీయసాగింది. నా వేళ్ళు ఆగాయి, పాట మాత్రం సాగుతోంది. ఆమె పెన్సిలు కూడా ఆగింది.

పాట ఎలా ముగించానో తెలియదు. విరామం గంట కొట్టాక అందరినీ బయటికి పంపి, యశోదను ఉండమన్నాను. ఆమె వెనక్కి వెళ్ళి, "యశోదా" అని పిలిచాను. తిరగలేదు. కొంచెం గట్టిగా పిలిచాను. తిరగలేదు. తలుపును ధడాలున వేశాను, అప్పుడు తిరిగింది. ముందుకు వచ్చి, హాజరు పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుని, "మీ అమ్మ పేరేమిటి?" అన్నాను. ఆమె నవ్వింది. ఏదో ఒకటి చెయ్యాలని తెలిసి, లేచి వెళ్ళి కిటికీ తలుపు తీసింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఏడాది నాటి నుంచి ఉన్న కాగితాలన్నీ చాప మీద పరిచాను. మిగతా పిల్లల కాగితాల్లో సన్న గీతలు, లావు గీతలు ఉన్నాయి, ఒకరివి ఒకలా, ఇంకొకరివి ఇంకోలా. యశోద కాగితాల్లో ఒక్క చోట కూడా గీత సన్నబడలేదు, లావెక్కలేదు. ఒకదానితో ఒకటి పోలిక లేని రెండు పాటలకు ఆమె గీసినవి పక్కపక్కన పెడితే, ఏది దేనిదో నేనే చెప్పలేకపోయాను. రెంటికీ తాళం ఒకటే. ఆమె ఏడాది పొడుగునా గీసింది నా చేతిని. నా పాట ఆ కాగితాల మీద ఎన్నడూ లేదు. ఆ సంగతి ప్రతి కాగితం మీదా స్పష్టంగా రాసి ఉంది, నేను దాన్ని మెచ్చుకుని అట్ట మీద అంటించాను.

పొరపాటు ఎక్కడ జరిగిందో మీకు విడమరిచి చెప్పాలి. ఆమె కాగితం నాకు తెలిసిన గుర్తుల్లా కనిపించింది. పెద్దవాళ్ళ తాళం రాతకు దగ్గరగా ఉంది. అందువల్ల అది గొప్పదనుకున్నాను. నర్సింలు గీత నాకు తెలిసినదానిలా లేదు కనుక ఎలా గీశావని అడిగాను. యశోదను ఒక్కసారి కూడా అడగలేదు. నచ్చని గీత గురించి అడగడం ఎవరైనా చేస్తారు. నచ్చినదాని గురించి అడగడమే టీచరు పని.

బేగం బజారులో

మరునాడు పొద్దున్నే రత్నాబాయి గారికి చెప్పాను.

"నేను గూడ రెండు మాట్ల కొట్టిన" అన్నారు ఆమె.

"చెవి బాగుందని చెప్పింది నేనే కదండీ."

"నువ్వు జెప్పినవ్, నేను నమ్మిన. ఏడ్సుడు తర్వాత. నడువ్, వాళ్ళింటికి పోదాం."

రిక్షాలో ఇద్దరం బేగం బజారు వెళ్ళాం. ఇల్లు దుకాణం వెనక సందులోనే. మల్లయ్య దుకాణం నుంచి పరుగున వచ్చాడు, పిల్లను తీసేస్తారేమోనని. తల్లి మొదట ఏమీ లేదంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"చిన్నప్పటి సంది చెవులల్ల చీము గారుతది. నూనె గాగవెట్టి పోస్తున్న. తగ్గుతది, మల్లొస్తది."

"దవాఖానకు తీస్కపోలేదా?" అని అడిగారు రత్నాబాయి గారు.

మల్లయ్య తల దించుకున్నాడు. "తీస్కపోతె చెవిటిదని రాసిస్తరమ్మా. గప్పుడు బడిల ఎవరుంచుకుంటరు? గిట్లనే నడుస్తది గద, సంగీతంల ఫస్టున్నదని మీరే జెప్పిన్రు."

ఆ మాటకు నేను గోడకేసి చూశాను. బిడ్డకు వినబడటం లేదని ఆ తల్లికి తెలుసు, నా పొగడ్త విని వినబడుతోందనుకోవడం మొదలుపెట్టింది.

"బడి నాది. పిల్లను నేనుంచుకుంట. నీకు ఫికరెందుకు?" అన్నారు రత్నాబాయి గారు. "జర చెప్పులేస్కో, ఇప్పుడే పోదాం."

దవాఖానలో డాక్టరు రెండు చెవులూ చూశాడు. కర్ణభేరులు రెండింటికీ చిల్లులు పడ్డాయి. నెలల తరబడి శుభ్రం చెయ్యడం, మందులు వెయ్యడం సాగింది. తల్లి, నేను వంతులవారీగా తీసుకువెళ్ళాం. కుడి చెవి చాలావరకు తేరుకుంది. ఎడమ చెవి రాలేదు. ఏడాది ముందు తెచ్చి ఉంటే రెండోదానికి కూడా ఏదైనా చేసేవాళ్ళమని డాక్టరు అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు, నన్ను తప్పుపట్టాలని కాదు. ఏడాది ముందు ఆ పిల్ల నా గదిలోనే ఉంది.

టీచర్ల సమావేశంలో నేను లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. మరునాడు నరహరి మాస్టారు యశోద బెంచీని ముందుకు లాగి, ఆమె కుడి చెవి తన వైపు ఉండేలా తానే జరిపారు. క్షమాపణ అడగలేదు. కాని ఆ బెత్తాన్ని మళ్ళీ ఆయన చేతిలో నేను చూడలేదు. ఆయన చెడ్డవాడు కాడు. తెలిసినవాళ్ళ మాట నమ్మాడు, ఆ తెలిసినదాన్ని నేను.

చలికాలం పోయాక ఒక రోజు యశోదను నా పక్కనే కూర్చోబెట్టుకుని, చేతులు వెనక కట్టుకుని ఒక చిన్న పాట పాడాను. ఆమె పెన్సిలు పట్టుకుని, కుడి చెవి నా వైపు తిప్పింది. తర్వాత పెన్సిలు అడ్డంగా పెట్టి, కాగితం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇంత లావు గీత రుద్దింది.

"మీ గొంతు గింత లావుంటదా టీచర్?" అంది ఆశ్చర్యంగా. "మిమ్ములను జూసి సన్నగుంటదనుకున్న."

తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజుల్లో నేను ఊచలా ఉండేదాన్ని.

తర్వాత

ఆ మరుసటి ఏటి నుంచి మా బడిలో చేరే ప్రతి బిడ్డనూ మొదటి వారంలో నా గదికి పంపేవారు. వెనక నిలబడి గుసగుసగా పేరు పిలవడం, చిన్న చెంచాతో గిన్నె అంచు తట్టడం, అంతే. రెండు నిమిషాల పని. నేనున్నంత కాలం నలుగురైదుగురు పిల్లలు అలా బయటపడ్డారు. పాట గీయించేటప్పుడు నెలకొకసారి తెర వెనక కూర్చుని పాడటం కూడా అలవాటు చేసుకున్నాను. మీరూ చెయ్యండి. మీ చెయ్యి, మీ ముఖం, మీ కనుబొమలు పిల్లలకు ఎంత పాట చెప్పేస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది.

యశోద పదో తరగతి పాసయింది. తర్వాత చాలా ఏళ్ళు చూడలేదు. నేను రిటైరయ్యే ముందు ఏడు, ఒక ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఎవరో భుజం తట్టారు. చీర కట్టుకుని, చేతిలో పొడుగాటి కాగితపు చుట్టతో ఉన్న యువతి. చప్పున కుడి చెవి నా వైపుకు తిప్పి నిలబడింది, అప్పుడు గుర్తుపట్టాను. గన్‌ఫౌండ్రీలో ఒక ఇంజనీర్ల ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లకు నకళ్ళు గీసే పని చేస్తోందట. హోటల్లో ఫ్యామిలీ గదిలో కూర్చుని చాయ్ తెప్పించింది, నన్ను డబ్బులు తియ్యనివ్వలేదు.

ఎన్నాళ్ళ నుంచో గొంతులో ఉన్న మాట అప్పుడు చెప్పాను. ఆ రోజు టీచర్ల ముందు నీ చెవి బాగుందని నేనే చెప్పానమ్మా, అందువల్లే ఏడాది పోయింది, అందువల్లే దెబ్బలు పడ్డాయి, అన్నాను.

ఆమె కప్పు కింద పెట్టింది. "నాకు గదంత తెల్వది టీచర్. బడి మొత్తంల నన్ను మంచిగ జెప్పింది మీరొక్కరే. నా కాగితం గోడకు పెట్టిన్రు. గది లేకుంటె నేను బడికే రాకపోతుంటి."

"బెత్తం దెబ్బలు గుర్తులేవా?"

"దెబ్బలు యాదున్నయి. ఎవరు గొట్టిన్రో యాది లేదు."

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ పొగడ్త ఆమెను బడిలో నిలబెట్టిందంటే నిలబెట్టే ఉంటుంది. ఆ మాట నాకు ఓదార్పు అయింది కూడా, దాచడం ఎందుకు. కాని కొత్తగా చేరిన మీకు దాన్ని ఒక సాకుగా మాత్రం ఇవ్వను. ఎవరు కొట్టారో నాకు గుర్తుంది. వాళ్ళు ఎవరి మాట నమ్మి కొట్టారో కూడా గుర్తుంది. ఆ పిల్ల మరిచిపోయిందని నేను మరిచిపోవడం కుదరదు.